పాండవుల గుట్ట నుంచి తాడ్వాయి వాగుల దాకా ఈ బూట్లు ఎట్లా నడిచాయి

భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్ట మీద గొంతెమ్మ గుహ దాటి ఇంకో ఇరవై అడుగులు వేశానో లేదో, కుడి కాలి బూటు అడుగు మడమ దగ్గర ఊడి వేలాడింది. కుట్టు తెగలేదు, జిగురు వదల్లేదు. పైన తోలు గట్టిగానే ఉంది, కింద రబ్బరు కూడా కొత్తగానే ఉంది. రెంటి మధ్య మెత్తగా ఉండాల్సిన పొర మాత్రం పాతబడ్డ స్పాంజిలా పొడిపొడిగా రాలిపోయింది. వేలితో తాకితే తెల్లటి ముక్కలు చేతికంటుకున్నాయి. పది నిమిషాల్లో ఎడమ కాలిదీ అంతే అయింది.

అది 2023 సెప్టెంబర్, ఒక ఆదివారం. రాత్రంతా వాన పడి ఇసుకరాతి బండలు తడిగా ఉన్నాయి. అక్కడ మేకలు కాస్తున్న ఒక పెద్దాయన చూసి దగ్గరికొచ్చి, తన సంచిలోంచి సుతిలి తాడు తీసి, రెండు బూట్లకూ అడుగు కింద నుంచి చీలమండ దాకా గట్టిగా చుట్టి కట్టాడు. "మెల్లగ దిగు బిడ్డా, తాడు మీద కాలు జారుతది" అన్నాడు. ఆయన కాళ్లకు టైరు చెప్పులున్నాయి. అదే తడి బండ మీద ఆయన అడుగు ఒక్కసారి కూడా తడబడలేదు. నేను మాత్రం గంటలో దిగాల్సిన దారిని రెండున్నర గంటల్లో, సగం దూరం కూర్చుని జరుగుతూ దిగాను.

ఆ జత 2017లో హిమాచల్ ట్రెక్ కోసం కొన్నది. అప్పట్లోనే ఎనిమిది వేలు. ఐదు రోజులు వేసుకుని, తుడిచి, డబ్బాలో పెట్టి అటక ఎక్కించాను. ఖరీదైనవి కదా, జాగ్రత్తగా దాచుకుందాం అనుకున్నాను. ఆ జాగ్రత్తే వాటిని పాడుచేసిందని తర్వాత తెలిసింది. చాలా ట్రెక్కింగ్ బూట్లలో మధ్య పొర పాలీయురేథేన్‌తో చేస్తారు. అది గాలిలోని తేమను పీల్చుకుని లోపల్లోపలే విరిగిపోతుంది. వాడినా, వాడకపోయినా ఐదారేళ్లకు ఆ గతి పట్టొచ్చు. వేడి, తేమ ఉన్న చోట మూసిన డబ్బాలో ఉంటే ఇంకా తొందరగా పాడవుతుంది. మన ఇళ్లలో అటక అంటే సరిగ్గా అలాంటి చోటే. అందుకే ఒక మాట ముందే చెప్తున్నాను. డిస్కౌంట్‌లో పాత స్టాకు అమ్ముతుంటే లోపల నాలిక (లేసుల కింద ఉండే పట్టీ) కింద అతికించిన లేబుల్ మీద తయారైన నెల, సంవత్సరం చూడండి. మూడేళ్లు దాటిన స్టాకైతే సగం ధరకిచ్చినా వద్దు.

నేను హన్మకొండలో జూనియర్ కాలేజీలో బాటనీ చెప్తాను. వయసు 47. నెలకు రెండు ఆదివారాలు మేం తొమ్మిది మందిమి కలిసి అడవికో గుట్టకో పోతాం. ఆకులు, గింజలు చూడటం నా పని, పిట్టలు చూసేవాళ్లు ఇద్దరు, మిగతావాళ్లకు నడకే ఇష్టం. పాఖాల, తాడ్వాయి, మల్లూరు గుట్ట, బోగత, లక్నవరం చుట్టూ ఉన్న గుట్టలు, ఏమీ కుదరని వారం మా పద్మాక్షి గుట్ట. ఇన్నేళ్లలో నా కాళ్లు పడ్డ కష్టం చాలా ఉంది. అందులో ఎక్కువ భాగం నేను తప్పు బూట్లు కొనడం వల్ల వచ్చిందే. కొత్తగా నడక మొదలుపెట్టే ఆడవాళ్లకైనా ఆ కష్టం తప్పాలని ఇది రాస్తున్నాను.

ఇప్పుడు నేను వేసుకునే జత చౌరస్తా దగ్గర ఒక పాత చెప్పుల షాపులో కొన్నాను. దాని గురించి చెప్పే ముందు ఇంకో మూడు జతల సంగతి చెప్పాలి. అవి లేకపోతే ఈ జత విలువ నాకు తెలిసేది కాదు.

మొదట్లో అందరిలాగే పొద్దున వాకింగ్‌కి వేసుకునే స్పోర్ట్స్ షూతోనే వెళ్లేదాన్ని. పాఖాల చెరువు కట్ట దిగి పక్క దారిలో నడుస్తుంటే సర్కారు తుమ్మ ముల్లు ఒకటి షూ అడుగులోంచి, లోపలి అట్టలోంచి, సాక్సులోంచి పాదంలోకి దిగింది. ఆ షూలకు అడుగంతా నురుగు లాంటి మెత్తటి పదార్థమే. రోడ్డు మీద హాయిగా ఉంటుంది, ముల్లును మాత్రం ఆపలేదు. సైకిల్ ట్యూబులు పంక్చర్ చేసే ముల్లు అది. తర్వాత మా అబ్బాయి ఎన్‌సీసీలో ఉన్నప్పుడు కొన్న చోటే నేనూ కాన్వాస్ జంగిల్ బూట్లు తీసుకున్నాను, ఏడు వందలకు. ముల్లు దిగలేదు, బురదకు భయం లేదు, చీలమండ పైదాకా కప్పేస్తాయి. కానీ అడుగు చెక్కలా ఉంటుంది. ఐదు కిలోమీటర్లు దాటితే మడమల నుంచి మోకాళ్ల దాకా నొప్పి. కుర్ర కాళ్లకు సరిపోతాయేమో, నా కాళ్లకు సరిపోలేదు.

పాండవుల గుట్ట అనుభవం తర్వాత తొందరపడి ఆన్‌లైన్‌లో వాటర్‌ప్రూఫ్ బూట్లు తెప్పించాను, 6,200 రూపాయలకు. ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే నన్ను అడిగేవాళ్లలో పదికి ఎనిమిది మంది మొదట అడిగేది "వాటర్‌ప్రూఫేనా?" అనే.

ఆ బూట్ల లోపల టెఫ్లాన్ కుటుంబానికి చెందిన పదార్థాన్ని సాగదీసి చేసిన పలుచటి పొరో, అలాంటిదే ఇంకోటో ఉంటుంది. దానిలోని రంధ్రాలు నీటి బొట్టు పట్టనంత చిన్నవి, నీటి ఆవిరి పోగలిగేంత పెద్దవి. అంటే వాన నీళ్లు లోపలికి రావు, చెమట ఆవిరై బయటికి పోతుంది. సూత్రం నిజమే. కానీ ఆవిరి బయటికి పోవాలంటే బయటి గాలి లోపలికంటే చల్లగా, పొడిగా ఉండాలి. చలి దేశాల్లో ఉంటుంది. ఆగస్టులో ఏటూరునాగారం అడవిలో గాలే తడిబట్టలా ఉంటుంది, చెమట ఎక్కడికి పోతుంది? బయటి నీళ్లు రాకముందే లోపల కాలు తడిసిపోతుంది.

ఇక మన వానల సంగతి. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అంత వాన ఎప్పుడో గానీ రాదు, నిజమే. కానీ మామూలు వానాకాలంలో కూడా ఇక్కడ దారి అంటే వాగు దాటడమే. 2023 అక్టోబర్ మొదట్లో తాడ్వాయి అడవిలో పిక్కల్లోతు వాగు దాటాం. నీళ్లు బూటు పైనుంచి లోపలికి వచ్చాయి. బయటి నీళ్లను ఆపే పొర లోపలి నీళ్లనూ అంతే గట్టిగా ఆపుతుంది. రెండు చిన్న చెంబులు కాళ్లకు కట్టుకున్నట్టు ఏడు కిలోమీటర్లు నడిచాను. విప్పేసరికి పాదాలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి, రెండు మడమల మీదా రూపాయి బిళ్లంత బొబ్బలు. ఆ బూట్లు ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. మా బృందంలో మెష్ (జాలీ లాంటి బట్ట) షూ వేసుకున్నాయన పది నిమిషాలు నడిచేసరికే నీళ్లన్నీ కారిపోయి మామూలుగా నడిచాడు. ఆ రోజే నిర్ణయించుకున్నాను. మన వైపు నీళ్లు ఎట్లాగూ లోపలికి వస్తాయి. త్వరగా బయటికి పోయే బూట్లు కావాలి, అంతే.

నవంబర్‌లో ఆ షాపుకు వెళ్లాను. చిన్న షాపు, గోడలకు పైదాకా డబ్బాలు. ముందు పాతకాలపు రాతి మెట్లు మూడున్నాయి, ఒక్కోటి ముప్పావు అడుగు ఎత్తు. ఆ మెట్ల వల్లే నాకు సరైన బూట్లు దొరికాయి.

షాపులో కుర్రాడు "సైజు ఎంత అక్కా?" అన్నాడు. "ఐదు" అన్నాను. ఇరవై ఏళ్లుగా అదే చెప్తున్నాను. "నంబర్ తర్వాత చూద్దామక్కా, ముందు కాలు పెట్టండి" అని నేల మీద తెల్ల కాగితం పరిచాడు. కూర్చుని కాదు, నిలబడి, బరువంతా ఆ కాలి మీద వేసి పెట్టమన్నాడు. పెన్సిల్‌ను నిటారుగా పట్టుకుని చుట్టూ గీశాడు. రెండు కాళ్లూ గీశాడు. ఎడమ కాలు 24 సెంటీమీటర్ల 2 మిల్లీమీటర్లు, కుడి కాలు 24 సెంటీమీటర్ల 6 మిల్లీమీటర్లు. నా రెండు కాళ్లూ ఒకటి కాదని నలభై దాటాక తెలిసింది. పెద్ద కాలికే కొనాలన్నాడు. సాయంత్రం వచ్చినందుకు కూడా మంచిదన్నాడు. పొద్దంతా నిలబడ్డాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి, గుట్ట ఎక్కినప్పుడూ అంతే. పొద్దున కొలత తీసుకుని కొన్నవి మధ్యాహ్నానికి బిగుస్తాయి.

ఆడవాళ్ల బూట్లు చూపించమన్నాను. రెండే మోడళ్లు తీశాడు. రెండూ గులాబి రంగు, ముందు భాగం సన్నగా, అడుగు మెత్తగా ఉన్నాయి. "లేడీస్‌లో ట్రెక్కింగ్‌వి రావక్కా, వచ్చినవి కూడా వాకింగ్ షూలే" అన్నాడు. ఇది ఆ అబ్బాయి తప్పు కాదు, షాపు తప్పూ కాదు. కానీ ఈ మాట నాకు చాలా బాధ కలిగించింది. పత్తి చేలల్లో, తునికాకు సేకరణలో, అడవి దారుల్లో మగవాళ్లకంటే తక్కువ నడుస్తున్నారా ఆడవాళ్లు? మేడారం దారిలో సగం మంది ఆడవాళ్లే. వాళ్ల కాళ్లకు తగ్గ గట్టి బూటు ఒక్కటి కూడా వరంగల్ లాంటి ఊళ్లో దొరక్కపోవడం ఏమిటి?

చివరికి మగవాళ్ల బూట్లలో ఆరో నంబర్ తీసుకున్నాను. నిడివికి ఇబ్బంది లేదు, మనకు వచ్చే బూట్ల మీద యూకే నంబర్ ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా దాదాపు ఒకటే. తేడా వెడల్పులో, మడమ దగ్గర. మడమ నాకు కాస్త వదులైంది. దానికి ఆ కుర్రాడే లేసు కట్టే పద్ధతి చూపించాడు. అన్నింటికంటే పై కన్నంలోకి లేసును అదే వైపు నుంచి దూర్చి చిన్న ఉచ్చులా వదలాలి, రెండో వైపూ అట్లాగే. తర్వాత ఎడమ లేసును కుడి ఉచ్చులోంచి, కుడి లేసును ఎడమ ఉచ్చులోంచి తీసి కిందికి లాగి కట్టాలి. మడమ వెనక్కి అతుక్కుని కూర్చుంటుంది, పైకి లేవదు. ఇది నేర్చుకున్నాక నాకు మడమ మీద బొబ్బ రాలేదు.

లోపలి అట్ట బయటికి తీసి దాని మీద నిలబెట్టాడు. బొటనవేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, పక్కలకు పాదం అట్ట దాటి పొంగకూడదు. అప్పుడు బూట్లు తొడిగి, లేసులు కట్టి, ఆ రాతి మెట్లు దిగమన్నాడు. ఎక్కడం కాదు, దిగడమే చూడాలట. ఒక్కో మెట్టు కాలు గట్టిగా ఆనించి దిగాను. వేళ్లు ముందుకు జారి బూటుకు తగిలితే ఆ బూటు మనది కాదు. ఐదో నంబర్‌తో మొదటి మెట్టుకే వేళ్లు గుద్దుకున్నాయి. గుట్ట దిగి వచ్చాక నా బొటనవేళ్ల గోళ్లు నల్లబడి ఎన్నిసార్లు ఊడిపోయాయో గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లు ఒక నంబర్ చిన్న బూట్లు వేసుకున్నానన్న మాట.

నేనూ రెండు పరీక్షలు చేశాను, మీరూ చేయండి. బూటును బట్టలు పిండినట్టు మెలితిప్పి చూడాలి. సులువుగా మెలిక తిరిగితే రాళ్ల మీద చీలమండ కూడా అట్లాగే తిరుగుతుంది. తర్వాత ముందు భాగాన్ని పైకి వంచాలి. వేళ్ల మొదట్లో వంగాలి, పాదం మధ్యలో మడత పడితే వద్దు. అడుగు రబ్బరును గోరుతో నొక్కితే కాస్త దిగి మళ్లీ పైకి రావాలి. ప్లాస్టిక్ లాగా గోరు జారిపోతే తడి బండ మీద కాలూ జారుతుంది.

బూట్ల అడుగున రబ్బరు గుబ్బలు రావడం మొదలై వందేళ్లు కూడా కాలేదు. అంతకుముందు కొండలెక్కేవాళ్లు తోలు అడుగుకు ఇనుప మేకులు కొట్టించుకునేవాళ్లు. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో ఆరుగురు స్నేహితులను పోగొట్టుకున్న విటాలే బ్రమానీ, సరైన బూట్లు లేకపోవడం కూడా అందుకు కారణమని నమ్మి 1937లో గుబ్బల రబ్బరు సోల్ తెచ్చాడు. వైబ్రమ్ అన్న పేరు ఆయన పేరులోంచే పుట్టింది. గుట్ట దిగేటప్పుడు ఈ సంగతి నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది.

నేను కొన్న జతలో గుబ్బల లోతు మా అబ్బాయి జామెట్రీ బాక్సులో స్కేలుతో కొలిస్తే 4 మిల్లీమీటర్లు. పైన సగం స్వెడ్ తోలు, సగం మెష్. వేళ్ల ముందు రబ్బరు టోపీ. ఎత్తు చీలమండను కప్పేంత. ఎత్తు ఎందుకంటే మన దేశంలో పాము కాట్లలో ఎక్కువ భాగం పాదం, చీలమండ, పిక్కల మీదే. గడ్డిలో నడిచేటప్పుడు రక్తపింజర ఉంటుందన్న భయం ఉండనే ఉంటుంది. మందపాటి సాక్సు, ఎత్తు బూటు పూర్తి రక్షణ కావు, కానీ చెప్పులతో పోలిస్తే ఎంతో నయం. కిరాణా షాపులో తూకం వేయిస్తే రెండూ కలిపి 860 గ్రాములు. హిమాచల్ బూట్లు 1,300 ఉండేవి. డబ్బా మీద 3,899, నాకు 3,450కి ఇచ్చాడు. బ్రాండ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే అదే పేరుతో మోడల్ ఏడాదికోసారి మారిపోతుంది, అడుగు కూడా మారుతుంది. పేరు పట్టుకుని వెళ్తే మీకు వేరే బూటు దొరుకుతుంది. షాపు ఎక్కడని అడిగినవాళ్లకు విడిగా చెప్తాను.

ఇప్పటికి ఇరవై రెండు నెలలు. ప్రతి నడక నోటు పుస్తకంలో రాసుకుంటాను కాబట్టి లెక్క ఉంది: 610 కిలోమీటర్లు దాటాయి.

మొదటి మూడు వారాలు గుట్టలకు వేసుకోలేదు. పద్మాక్షి గుట్ట మెట్లు, భద్రకాళి చెరువు కట్ట, అంతే. పద్మాక్షి గుట్ట రాయి గట్టి నల్లరాయి, ఎండినప్పుడు ఏ బూటైనా పట్టుకుంటుంది. పాండవుల గుట్ట ఇసుకరాయి, పైన సన్నటి ఇసుక రాలి ఉంటుంది, కాలు ఆ ఇసుక మీద జారుతుంది తప్ప రాయి మీద కాదు. డిసెంబర్‌లో ఆ గుట్ట మీదే ఎదురు పాండవులు అనే చోటికి మళ్లీ ఎక్కాను. మెత్తటి రబ్బరు అక్కడ బాగా పనిచేసింది, సుతిలి తాడు కట్టుకున్న చోటికి వచ్చినప్పుడు ఒక నిమిషం నిలబడ్డాను. ఆ పెద్దాయన కనిపిస్తాడేమోనని చూశాను. కనిపించలేదు.

2024 ఫిబ్రవరిలో సమ్మక్క సారలమ్మ జాతరకు తాడ్వాయి నుంచి మేడారం దాకా అడవి రోడ్డు మీద నడిచి వెళ్లాం. సుమారు 14 కిలోమీటర్లు. తలమీద బెల్లం పెట్టుకుని వట్టి కాళ్లతో నడిచే ఆడవాళ్ల పక్కన బూట్లు వేసుకుని నడవడం మొదట్లో ఏదోలా అనిపించింది. మా అత్తమ్మ తరఫున నేను బంగారం (అక్కడ బెల్లాన్ని అట్లాగే అంటారు) తీసుకెళ్తున్నాను, ఆమెకు మోకాళ్ల నొప్పులు. జంపన్న వాగు దగ్గర విప్పి, లేసులు రెండూ ముడేసి సంచికి వేలాడదీశాను, గద్దెల దాకా వట్టి కాళ్లతోనే వెళ్లాను. తిరుగు దారిలో జనం తోపులాటలో నా కాలి మీద ఎన్ని కాళ్లు పడ్డాయో లెక్కలేదు. వేళ్ల ముందు రబ్బరు టోపీ లేకపోతే గోళ్లు మిగిలేవి కావు.

ఈ బూట్లు ఓడిపోయిన చోటు నల్లరేగడి. పరకాల దాటి భూపాలపల్లి వైపు పత్తి చేల గట్ల మీద వాన పడ్డాక నడిస్తే, పది అడుగులకే గుబ్బల మధ్య మట్టి నిండి అడుగంతా నున్నటి దిమ్మలా అయిపోతుంది. పుల్లతో గీకి తీయాలి, మళ్లీ పది అడుగులు, మళ్లీ గీకాలి. గుబ్బలు దూరం దూరంగా ఉన్న అడుగైతే మట్టి దానంతటదే రాలుతుంది. చేల వెంట ఎక్కువ నడిచేవాళ్లు అది చూసి కొనాలి. ఇక పాచి పట్టిన బండ మీద ఏ రబ్బరూ నిలవదు. 2024 జూలైలో బోగత జలపాతం దగ్గర తుంపర పడే రాళ్ల మీద నేను జారి కూర్చున్నాను, మోచేయి గీరుకుపోయింది. బూటు గొప్పదని ధైర్యం చేయడం ప్రమాదం. కానీ అదే రోజు తిరిగొస్తూ తాడ్వాయిలో నిరుడు బొబ్బలెక్కిన వాగునే మళ్లీ దాటాం. నీళ్లు లోపలికి వచ్చాయి, మెష్‌లోంచి బయటికి పోయాయి. కాసేపు చిత్తడి శబ్దం, ఆ తర్వాత అదీ లేదు. ఇంటికొచ్చి పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెడితే మర్నాడు సాయంత్రానికి ఆరిపోయాయి.

సాక్సుల మాట కూడా చెప్పాలి. కాటన్ సాక్సు చెమట పీల్చుకుని అట్లాగే పట్టి ఉంచుతుంది, తడి బట్ట చర్మానికి రాసుకుంటే బొబ్బే. ఉన్ని, నైలాన్ కలిసినవి కొన్నాను, జత 350. ఎండాకాలంలో ఉన్నేమిటని ఇంట్లో అన్నారు, వేసుకున్నాక వాటి విలువ అర్థమైంది.

లోపాలున్నాయి. నాలిక పక్కలకు బూటుకు కలిపి కుట్టలేదు. ఆ సందులోంచి పల్లేరు కాయలు, సూదుల్లాంటి గడ్డి గింజలు లోపలికి దిగుతాయి. నవంబర్, డిసెంబర్‌లో మూడుసార్లు ఆగి దులుపుకోవాలి. నాలిక రెండు వైపులా కుట్టి ఉందా లేదా అన్నది షాపులోనే చూసుకోవాల్సింది, నేను చూడలేదు. లేసులు గుండ్రటివి, నున్నగా ఉండి విడిపోతాయి, ముప్పై రూపాయలకు చదును లేసులు మార్చాను. లోపలి అట్ట ఎనిమిది నెలలకే అణిగిపోయింది, 400 పెట్టి మందపాటిది వేయించాను.

పెద్ద ఇబ్బంది 2025 మే నెలలో వచ్చింది. ఎడమ బూటు ముందు భాగంలో అడుగు నోరు తెరిచింది. మొదటి జత గుర్తొచ్చి గుండె జారింది. మా వీధి చివర వేపచెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టే కాక దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బూటును తిప్పి చూసి, సందులో వేలు పెట్టి, "ఎండల కారు డిక్కీల పెట్టినవా బిడ్డా?" అని అడిగాడు. నిజమే, వారం రోజులు అట్లాగే వదిలేశాను. "గా వేడికి సొల్యూషన్ ఇడుస్తది. మధ్యల రబ్బరు మంచిగనే ఉన్నది, ఏం కాలే" అన్నాడు. ఆ మాట వినగానే టెన్షన్ పోయింది.

పాత సొల్యూషన్ (జిగురు) అంతా చాకుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది, కొత్తది రెండు వైపులా పూసి, వెంటనే అతికించకుండా పక్కన పెట్టి బీడీ తాగాడు. పావుగంట ఆరాక, మూడు కాళ్ల ఇనుప దిమ్మ మీద బూటును తొడిగి సుత్తితో చుట్టూ కొట్టాడు. తర్వాత ఆరెతో అడుగు అంచు వెంట ఒక్కో రంధ్రం పొడుస్తూ, మైనం రుద్దిన నైలాన్ దారాన్ని లోపలి నుంచి పైకి లాగుతూ చుట్టూ కుట్టాడు. ఒక్కో కుట్టుకూ దారాన్ని చేతికి చుట్టుకుని బలంగా లాగుతుంటే ఆయన వేళ్ల మీద దారం ఒరుసుకున్న పాత గీతలు కనిపించాయి. రెండో బూటు ఊడలేదు, అయినా దానికీ కుట్టేయమన్నాను. గంటన్నర పని. 150 అడిగాడు, 300 ఇచ్చాను. "గిప్పుడు ఇంకో రెండేండ్లు చూడు" అన్నాడు. కుట్లలోంచి కాస్త తేమ దిగుతుంది, మెష్ బూటుకు అదేం లెక్కలోది కాదు. అప్పటి నుంచి 90 కిలోమీటర్లు నడిచాను, అడుగు కదల్లేదు. కొత్త బూట్లు కొనగానే ముందు ఆయన దగ్గరికే తీసుకెళ్లి చుట్టూ కుట్టు వేయిస్తే మంచిదని ఇప్పుడు అనిపిస్తోంది.

గుబ్బలు ఇప్పుడు మడమ బయటి అంచున 2 మిల్లీమీటర్లకు అరిగాయి, ముందు ఇంకా 3 ఉన్నాయి. ఇంకో వానాకాలం వస్తాయనుకుంటున్నాను.

ఎవరికి పనికిరావు అంటే, బరువు మోస్తూ మంచులో నాలుగైదు రోజులు నడిచే హిమాలయం ట్రెక్‌కు ఇవి చాలవు, అక్కడ గట్టి అడుగు, నీళ్లు ఆపే పొర నిజంగానే కావాలి. పొద్దున చెరువు కట్ట మీద గంటసేపు నడిచేవాళ్లకు ఇంత ఖర్చు అవసరం లేదు. మన గుట్టలు, మన వాగులు, నెలకు రెండు మూడు నడకలు అయితే ఇలాంటి మెష్, తోలు కలిసిన చీలమండ ఎత్తు బూటు చాలు.

ధర విషయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జత 2,500 రూపాయల దాకా ఉన్న పాదరక్షలకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ఈమధ్య మా వదినను అదే షాపుకు తీసుకెళ్తే 2,500 లోపలే రెండు మంచి మోడళ్లు చూపించారు, ఒకదానికి నాలిక రెండు వైపులా కుట్టి కూడా ఉంది. ఆమె కాళ్లు కొలిస్తే ఆమెకూ ఒక నంబర్ తేడా వచ్చింది. ఆడవాళ్ల మోడళ్లు ఇప్పటికీ రెండే. తెప్పించమని మళ్లీ అడిగి వచ్చాను. మీరు వెళ్లినప్పుడు మీరూ అడగండి, పది మంది అడిగితే తెప్పిస్తారు. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి, మీరు నడకకు వేసుకునే సాక్సులు వెంట పట్టుకెళ్లండి, ఆ మూడు మెట్లు దిగకుండా మాత్రం డబ్బులు కట్టకండి.